నాగావళి చేపల సర్వేకి వెళ్తున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి ఆశీస్సులు.

నువ్వు నాగావళి చేపల మీద పని చేస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. గోదావరి, కృష్ణల మీద రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. కలహండి కొండల్లో పుట్టి రాయగడ, పార్వతీపురం మీదుగా శ్రీకాకుళం దాటి సముద్రంలో కలిసే ఈ 256 కిలోమీటర్ల ఏటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

పని చేపల మార్కెట్లో మొదలుపెట్టకు. అక్కడి బొచ్చె, శీలావతి చాలావరకు చెరువుల్లో పెంచినవి. వలవాళ్లతో ఏటికే వెళ్లు. అమ్ముడుపోవని వాళ్లు ఒడ్డున పారేసే వేలెడంత చేపలే నీకు ముఖ్యం. రాయగడ వైపు వాగుల్లో వడిగా పారే నీళ్ల అడుగున, రాళ్లను కరుచుకుని బతికేవాటిని అసలు వదలకు. కొత్త సంగతి ఏదైనా ఉంటే అక్కడే ఉంటుందని నా నమ్మకం.

ఒక్క వలతో అన్నీ పడవు. మడుగుల్లో విసురు వల, రాళ్ల సందుల్లో చేతి వల, కొర్రమీనుకి గాలం వాడు. ఏ వల, దాని కన్ను ఎంత, ఎంతసేపు వేశావు అన్నది అక్కడికక్కడే రాసుకో. ఏమీ పడని రోజు కూడా రాయాలి. తోటపల్లి బ్యారేజికి ఎగువ, దిగువ లెక్కలు కలపకు. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి అవే చోట్లకి వెళ్లు.

పేర్ల జాబితా ఒక్కటే ఉంటే రేపు ఎవరూ సరిచూడలేరు, చేప సీసాలో ఉండాలి. రంగు పోకముందే స్కేలు పక్కన పెట్టి, ఎడమ వైపు కనిపించేలా ఫొటో తియ్యి. రెక్క ముక్క కోసి ఆల్కహాల్లో వేశాకే చేపని ఫార్మలిన్లో (కుళ్లకుండా ఉంచే మందు) పెట్టు. తర్వాత కోస్తే డీఎన్‌ఏ పాడవుతుంది. ఒక వంతు ఫార్మలిన్‌కి తొమ్మిది వంతుల నీళ్లు. పెద్ద చేపకి మందు లోపలికి దిగేలా కుడి వైపు పొట్ట కాస్త కొయ్యి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి. గ్లవ్స్ తప్పనిసరి. జాతి (స్పీషీస్) తేలకపోతే దానికి పై వర్గమైన ప్రజాతి (జీనస్) పేరు దగ్గరే ఆగిపో, ఊహించి రాయకు. నమూనాలను చివరికి హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే మంచినీటి కేంద్రానికి అప్పగించు.

ఊళ్లో పిలిచే పేర్లూ రాసుకో. విశాఖ చేపల మీద 1803లో పుస్తకం తెచ్చిన పాట్రిక్ రస్సెల్ ఆ పని చేశాడు కాబట్టే ఆ పేర్లు ఇవాళ మనకి మిగిలాయి.

అటవీ, మత్స్య శాఖల అనుమతులు రెండు రాష్ట్రాల్లోనూ ముందే తీసుకో. ఇంకో మాట. ఇక్కడ ఎండ కాస్తున్నా ఒడిశాలో వాన పడితే ఏరు ఉన్నట్టుండి పెరుగుతుంది. దిగేముందు ఎగువకి ఫోన్ చేసి కనుక్కో.

ఇట్లు,
మీ పెదనాన్న