పిల్లికి వాంతులు: పారాసిటమాల్ మాత్రం వేయకండి

ప్రశ్న: మా పిల్లికి రెండేళ్లు. నిన్న రాత్రి నుంచి ఐదారు సార్లు వాంతి చేసుకుంది. చివరికి పసుపు నీళ్లు, నురగ పడ్డాయి. తిండి ముట్టడం లేదు. నాలుగు రోజుల క్రితం వడ్ల బస్తాల దగ్గర ఎలుకల మందు పెట్టాం. పారాసిటమాల్ మాత్ర సగం వేయొచ్చా? – ఓ రైతు, తూర్పు గోదావరి

జవాబు: ఆ మాత్ర వద్దు. సగం కాదు కదా, చిన్న ముక్క కూడా వద్దు. మన కాలేయంలా పిల్లి కాలేయం ఆ మందును అరాయించుకోలేదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.

మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టింది ఎలుకల మందు మాట. మీరు వాడింది నూకల్లో నూనెతో కలిపే నల్లటి జింక్ ఫాస్ఫైడ్ పొడే అయితే, అది కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతుంది. పిల్లి ఎరను ముట్టకపోయినా, ఎర తిన్న ఎలుకను తిన్నా చాలు. ఈ విషానికి విరుగుడు మందు లేదు, డాక్టరు చేసే చికిత్సే దిక్కు. పాలో అన్నమో పెడితే ఆమ్లం ఊరి విషం ఇంకా పెరుగుతుంది. వాంతి నుంచి వెల్లుల్లి వాసన వస్తుంటే అనుమానం బలపడినట్టే, కానీ వంగి వాసన చూడకండి. ఆ గాలి మీకూ మంచిది కాదు. కారులో తీసుకెళ్తే అద్దాలు దించండి.

మీరు వాడింది బ్రోమాడియోలోన్ అనే మరో రకం ఎలుకల మందు బిళ్లలైతే సంగతి వేరు. తిన్న మూడు నుంచి ఐదు రోజులకు చిగుళ్ల నుంచి నెత్తురు, ఆయాసం, నీరసం కనిపిస్తాయి. దానికి విరుగుడుగా విటమిన్ కె1 పనిచేస్తుంది. అందుకే మందు ప్యాకెట్ వెంట పట్టుకుని ఈరోజే, ఇప్పుడే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. దగ్గర్లో ఎవరూ తెలియకపోతే పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేసి అడగండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు.

టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. వేయించకపోతే పిల్లులకు సోకే పాన్‌ల్యూకోపీనియా వైరస్‌నూ అనుమానించాలి. ఆ జబ్బు వచ్చిన పిల్లి నీళ్ల గిన్నె ముందు తల వాల్చి కూర్చుంటుంది గానీ తాగదు. ఇక నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగొద్దు, పేగులు తెగుతాయి. వెంట్రుకల ఉండ కక్కి మామూలుగా తిరిగే పిల్లి గురించి అయితే ఇంత కంగారు అక్కర్లేదు. మీ పిల్లి అలా లేదు. పైగా రెండు మూడు రోజులు తినకపోతే పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, కాబట్టి తనే తింటుందిలే అని వదిలేయకండి.

ఇంట్లో పిల్లిని పెట్టుకుని పక్కనే ఎలుకల మందు కూడా పెట్టడం నాకెప్పుడూ మింగుడుపడదు. బోను వాడండి. మిగిలిన ఎరను, చచ్చిన ఎలుకలను గ్లోవ్స్ వేసుకుని ఏరి, పిల్లులూ కుక్కలూ తవ్వలేనంత లోతుగా పూడ్చండి.