మీరు తీసుకోని అప్పుకు మీరెందుకు కట్టాలి?

ముందుగా ఒక మాట. ప్రశ్నతో పాటు మీ ఆధార్, పాన్ కార్డుల ఫొటోలు కూడా నాకు పంపారు. నేను అడగలేదు, నాకు వాటితో పనీ లేదు. చూసిన వెంటనే తీసేశాను. మీ కష్టమంతా ఈ అలవాటు దగ్గరే మొదలైంది కాబట్టి, మీ పేరు చెప్పకుండా అందరి ముందు జవాబిస్తున్నాను.

మీరు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తా. జీతం 28,000. నిరుడు నాన్నగారి ఆపరేషన్‌కు 30,000 తక్కువ పడితే ఫోనులో ఏదో లోన్ యాప్ దించుకుని ఆధార్, పాన్, సెల్ఫీ అన్నీ ఇచ్చారు. చివరికి అది 'అర్హత లేదు' అంది. డబ్బు మేనమామ సర్దారు, మీరు ఆ సంగతే మరిచిపోయారు. మొన్న ఇంటి లోను కోసం బ్యాంకుకు వెళితే మీ పేరున రెండు అప్పులున్నాయని, 1,46,000 బాకీ అని తేలింది. వసూలు చేసేవాళ్లు మిల్లుకే ఫోన్లు చేస్తున్నారు, 90,000 కడితే సెటిల్ చేస్తామంటున్నారు. ఇంతకీ మీరు నన్ను అడిగింది ఇది: ఆ 90,000 కోసం బంగారం కుదువ పెట్టాలా, మూడు రూపాయల వడ్డీకి తేవాలా?

రెండూ వద్దు. ఎవరో మీ పేరు వాడుకుని అప్పు చేస్తే, దాన్ని తీర్చడానికి మీరు ఇంకో అప్పు చేస్తారా? మూడు రూపాయల వడ్డీ అంటే 90,000కు నెలకు 2,700. జీతంలో దాదాపు పదో వంతు, అసలు తరగకుండా. పైగా మీరు ఒక్క రూపాయి కట్టినా, అప్పు మీదేనని ఒప్పుకున్నారని వాళ్లు చూపించుకుంటారు. సెటిల్ చేసుకున్నా మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అనే మాట మిగులుతుంది. అది పూర్తిగా తీర్చిన అప్పుతో సమానం కాదు, ఇంటి లోను ఇచ్చే బ్యాంకు దాన్నీ అనుమానంగానే చూస్తుంది. ఇలా పరువు కోసమో, ఫోన్ల బాధ పడలేకో కట్టేసి నా దగ్గరకు వచ్చినవాళ్లను చూశాను. కట్టాక వెనక్కి రాబట్టడం చాలా కష్టం.

చేయాల్సింది వేరే ఉంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆ కాగితంతో మీ స్టేషన్‌లోనూ ఇవ్వండి. ఇతరుల గుర్తింపు వివరాలను మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సి కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. తరువాత ఆ రెండు సంస్థలకూ రాతపూర్వకంగా ఒకే ప్రశ్న వేయండి: 'ఈ అప్పు సొమ్ము ఏ ఖాతాలో జమ చేశారు?' డిజిటల్ అప్పు సొమ్ము నేరుగా అప్పు తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోనే పడాలని 2022లో రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. మీ ఖాతాలో పడలేదు కదా, ఆ నెల స్టేట్‌మెంట్ జత చేయండి. దరఖాస్తు, సెల్ఫీ, ఫోన్ నంబరు కూడా చూపించమనండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి, దానికి ఖర్చేమీ లేదు.

ఫొటోకాపీకి జిరాక్స్ అన్నట్టే మనవాళ్లు క్రెడిట్ రిపోర్టుకు సిబిల్ అంటారు గానీ, ఆ రిపోర్టులిచ్చే సంస్థలు నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటిలోనూ తప్పును సవాలు చేయండి. ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయలు మీకు పరిహారంగా ఇవ్వాలి. ఇక ఫోన్ల సంగతి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత వసూలు ఫోన్లు చేయకూడదు. చేస్తే సమయం రాసిపెట్టుకోండి. మిల్లు యజమానికి వాళ్లు చెప్పకముందే మీరు చెప్పండి.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో ఈ మధ్య నా వంతు కోసం నిలబడ్డాను. నా ముందున్నాయన ఆధార్‌ను షాపు నంబరుకు వాట్సాప్ చేశాడు. కుర్రాడు దాన్ని కంప్యూటర్‌లో తెరిచి ప్రింట్ తీశాడు. మొదటి కాపీ వంకరగా వస్తే మిషను కింద అట్టపెట్టెలో పడేశాడు. ఆ పెట్టె నిండా అలాంటివే, తెర మీద వరుసగా ఎవరెవరివో కార్డులు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. పాడైన కాపీ అడిగి తీసుకుని చించేయాల్సింది మనం. ఎక్కడ సరిపోతే అక్కడ చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. కాపీ మీద అడ్డంగా 'ఫలానా పనికి మాత్రమే' అని తేదీతో రాయండి. మీ పేరున ఎన్ని సిమ్ములున్నాయో కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూసుకోండి. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ కూడా పెట్టవచ్చు గానీ, రేషనో పింఛనో వేలిముద్రతో తీసుకునే అమ్మానాన్నలకు పెడితే ఆ రోజు గుర్తుపెట్టుకుని తెరవాలి.

ఇవన్నీ చేసినా అసలు తలుపు తెరిచే ఉంటుంది. మీరు ఆ యాప్‌కు సెల్ఫీ ఎందుకిచ్చారు? తెలివి లేకనా? కాదు, ఆసుపత్రి కౌంటర్ దగ్గర 30,000 లేక. ఆ గంటలో ఎవరేం అడిగినా ఇచ్చేస్తాం. అందుకే ఎవరొచ్చినా నేను అత్యవసర నిధి దగ్గరే మొదలుపెడతాను, విసుక్కున్నా సరే. మీ ఇంటి ఖర్చు నెలకు 22,000 అన్నారు. ఆరు నెలలకు 1,32,000 కావాలి. నెలనెలా కట్టే ఆర్‌డీలో ఉన్న 40,000 కదపకండి, అదే విత్తనం. నెలకు 5,000 చొప్పున వేస్తే మిగతా 92,000 ఏడాదిన్నర దాటేసరికి పూర్తవుతుంది. దాన్ని జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో, యూపీఐ తగిలించని ఖాతాలో ఉంచండి. రేపు మీ ఖాతాను ఎవరైనా ఊడ్చేసినా, దర్యాప్తులో అది స్తంభించినా, ఇంట్లో పొయ్యి వెలగడానికి అదొకటి ఉంటుంది.

మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే టర్మ్ పాలసీ లేదన్నారు, తీసుకోండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. రిపోర్టు సరయ్యేదాకా ఇంకే బ్యాంకులోనూ ఇంటి లోనుకు దరఖాస్తు పెట్టకండి, తిరస్కరణలు పెరగడం తప్ప లాభం లేదు. ఆ రెండు సంస్థలకు రాసే ఉత్తరాలను ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి, రసీదులు దాచుకోండి. వాటికి జత చేసే ఆధార్ మాత్రం మాస్క్‌డ్‌దే.