అల్లుడికి: చిన్న స్పీకరుతో గిటార్ ప్రాక్టీసు గురించి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్నావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషంరా. ఇంట్లో బ్లూటూత్ స్పీకరు ఉండగా మళ్ళీ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) ఎందుకు, దానికే పెట్టి వాయించుకోకూడదా అని నువ్వు అడిగిన మాట కూడా చెప్పింది. వాయించుకోవచ్చు. కాకపోతే ఆ స్పీకరుతో ఏ పని చేయించుకోవాలో, ఏది చేయించుకోకూడదో ముందే తెలిసి ఉండాలి. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నా.

పాటని బ్లూటూత్‌లో విను. గిటార్‌ని మాత్రం బ్లూటూత్‌లోకి పంపకు. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి, గాల్లో పంపి, అవతల మళ్ళీ విప్పి వినిపించాలి. మామూలు స్పీకర్లలో దీనికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా పట్టడం మామూలే. అంతేగా అనుకోకు. 120 టెంపోలో, అంటే నిమిషానికి 120 బీట్లలో, ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. బీట్‌కి నాలుగు చొప్పున మీటితే ఒక్కో స్వరానికి 125. నువ్వు మీటిన స్వరం చెవికి చేరేలోపే నీ చెయ్యి తర్వాతి స్వరం మీటేసి ఉంటుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే స్పీకరు నీకు దాదాపు 69 మీటర్ల అవతల ఉన్నట్టు లెక్క. అంత దూరంలో మోగే గిటార్ వింటూ లయ ఎలా కుదురుతుంది చెప్పు? నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో చూశాను, ఆ ఆలస్యానికి సర్దుకోవడానికి తమకే తెలియకుండా బీట్ కంటే ముందు మీటడం మొదలుపెడతారు. ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

ఆలస్యం ఉందో లేదో నువ్వే తేల్చుకోవచ్చు. ఎడమచేత్తో తీగలన్నిటినీ మెత్తగా మూసిపెట్టు, నొక్కకు. పిక్‌తో (మీటే చిన్న బిళ్ళతో) ఒక్కసారి గట్టిగా గీయి. గిటార్ దగ్గర ‘టక్’ అంటుంది, స్పీకర్లోనూ అంటుంది. రెండూ కలిసి ఒకే ‘టక్’ అయితే బాగున్నట్టు. ‘టటక్’ అని విడివిడిగా వినిపిస్తే ఆ దారి వదిలెయ్యి. వైరు పెట్టినా ఈ పరీక్ష చెయ్యి. కొన్ని స్పీకర్లు వైరులో వచ్చిన శబ్దాన్ని కూడా లోపల డిజిటల్‌గా మార్చి, కాస్త ఆలస్యంగా వదులుతాయి.

పాటతో ఈ గొడవ లేదు. అది ఎంత ఆలస్యంగా వచ్చినా నువ్వు విన్నదాన్ని బట్టే వాయిస్తావు. బీట్ కొట్టే మెట్రోనోమ్, తంబూర శ్రుతి కూడా అంతే. తంబూర శ్రుతి తప్పకుండా పెట్టుకో. మీ అమ్మ దగ్గర నేర్చుకున్న సరళీ స్వరాలు, జంట స్వరాలు గిటార్ మీదకి తెచ్చుకోవడానికి అంత మంచి తోడు ఇంకోటి లేదు. పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని ఎంచుకున్నాడు. ఆ నాదం నిలుస్తుంది కాబట్టే గమకం పలుకుతుంది. స్పీకరులో నీ గిటార్ నాదం నిలిచినప్పుడు వేలు జారిస్తే స్వరం ఎక్కడ ఆగుతోందో శ్రుతి పక్కన స్పష్టంగా తెలుస్తుంది.

ఇక వైరు సంగతి. నీ స్పీకరుకి ఆక్స్ సాకెట్ (వైరుతో శబ్దం పంపే రంధ్రం) ఉందో లేదో చూడు. కొత్తవాటిలో చాలావాటికి ఉండదు. జేబీఎల్ ఫ్లిప్ 4కి ఉండేది, ఫ్లిప్ 5కి లేదు. ఉన్నా సరే, గిటార్‌ని నేరుగా దానికి గుచ్చకు. గిటార్ జాక్ 6.35 మిల్లీమీటర్ల మోనో, ఆక్స్ 3.5 మిల్లీమీటర్ల స్టీరియో. కన్వర్టరు సరిగ్గా కుదరకపోతే ఒక పక్కే మోగుతుంది. అంతకంటే ముఖ్యమైనది, పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ చాలా నాజూకైనది. దాన్ని అందుకునే ఇన్‌పుట్‌కి దాదాపు ఒక మెగా ఓమ్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఉండాలి, ఆక్స్‌కి అంతకంటే చాలా తక్కువే ఉంటుంది. దాంతో పై స్వరాల మెరుపు పోయి, దుప్పటి కప్పినట్టు చిన్నగా, మందంగా వినిపిస్తుంది. గిటార్ మంచిది కాదేమోనని దిగులుపడతావు. దానిలో ఏ లోపమూ లేదు.

మధ్యలో ఒక చిన్న సాధనం పెడితే ఇది తీరిపోతుంది. వాక్స్ ఆంప్లగ్ లాంటి హెడ్‌ఫోన్ యాంప్ నేరుగా గిటార్ జాక్‌లోకి దిగుతుంది. దాని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్పీకరు ఆక్స్‌కి రెండు వైపులా 3.5 పిన్నున్న మామూలు వైరు చాలు. ముందు దాని వాల్యూమ్ సున్నాలో పెట్టి, తర్వాత మెల్లిగా పెంచు. రాత్రిపూట స్పీకరు తీసేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సరి. ఫోన్‌లో గిటార్ యాప్ వాడి డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టి వాయించేట్టయితే, అందులో గిటార్ స్పీకరుని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ ఆన్ చెయ్యి. అసలు గిటార్ స్పీకరు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. పాటల స్పీకరు అలా తగ్గించదు కాబట్టి డిస్టార్షన్ కందిరీగల మోతలా ఉంటుంది.

లావు తీగ గురించి ఒక మాట. ఆరో తీగ సుమారు 82 హెర్ట్జ్. అరచేతిలో పట్టే స్పీకరు అంత లోతు పలికించలేదు. అదే తీగలో దానితోపాటు పైన పలికే 164, 246 హెర్ట్జ్ నాదాలు విని మన చెవే కిందిది పూరించుకుంటుంది. అందుకని ఆ తీగ పలచగా వినిపించిందని గట్టిగా బాదకు, బాదితే శ్రుతి పైకి జరుగుతుంది. వాల్యూమ్ సగం దాటించకు. ఈ స్పీకర్లు బాగా పెంచితే తమని తాము కాపాడుకోవడానికి బేస్ తగ్గించి, పెద్ద దెబ్బనీ చిన్న దెబ్బనీ ఒకేలా చేసేస్తాయి. నీ కుడిచెయ్యి ఎక్కడ మెత్తగా, ఎక్కడ గట్టిగా మీటుతోందన్నది చెవికి అందకుండా పోతుంది. ప్రాక్టీసులో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది అదేరా. పాట నీ గిటార్ కన్నా కొంచెం తగ్గే ఉండాలి.

స్పీకరుని మంచం మీద పెట్టకు, పరుపు మింగేస్తుంది. గోడ మూల కూడా వద్దు, శబ్దం బుంగలో మోగినట్టు ఉంటుంది. బల్ల మీద, నువ్వు కూర్చుంటే చెవి ఎత్తుకి వచ్చేలా పెట్టి, కింద మడతపెట్టిన తువ్వాలు వెయ్యి. అపార్ట్‌మెంట్లో కింది ఇంటివాళ్ళకి అదుర్లు తగ్గుతాయి. గుయ్‌మని హమ్ వస్తే ముందు ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద వాయించు. ఇంకా తగ్గకపోతే ఫ్యాన్ రెగ్యులేటరుకీ ట్యూబ్‌లైటుకీ దూరంగా జరిగి, కూర్చున్నచోటే నెమ్మదిగా పక్కకి తిరిగి చూడు. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లకి ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది.

కొనడానికి డబ్బులుంటే మాత్రం గిటార్ కోసమే చేసిన చిన్న యాంప్ కొనుక్కో. బ్లాక్‌స్టార్ ఫ్లై 3 మూడు వాట్లు, బాస్ కటానా మినీ ఏడు వాట్లు, రెండూ గదికి సరిపోయి మిగులుతాయి, కరెంటు పోయినా బ్యాటరీతో పనిచేస్తాయి. పాజిటివ్ గ్రిడ్ స్పార్క్ మినీలో పాట బ్లూటూత్‌లో, గిటార్ వైరులో వస్తాయి, నేను చెప్పిన పద్ధతే అది. షాపులో బ్లూటూత్ ఉందన్న మాట విని సరిపెట్టుకోకు, గిటార్ ఎటునుంచి వెళ్తుందో అడుగు.

నీ స్పీకరు వెనక సాకెట్లు కనిపించేలా ఒక ఫోటో తీసి పంపు. ఏ వైరు కావాలో చూసి చెబుతా. ‘టక్’ పరీక్ష కూడా ఫోన్లో రికార్డు చేసి పెట్టు, ఆదివారం తీరిగ్గా విని మాట్లాడతాను. అక్కనీ బావనీ అడిగానని చెప్పు.

మీ మావయ్య