పాప ఫోటోని ఏఐతో మార్ఫ్ చేసి డబ్బులడుగుతున్నారు, ఏం చేయాలి?

ముందు పాపని తిట్టకండి ప్లీజ్, ఇంట్లో తిడతారన్న భయమే ఆ బెదిరించేవాడి బలం, ఆ భయంతోనే పిల్లలు చెప్పకుండా దాచేస్తారు. డబ్బులు అస్సలు పంపొద్దు, ఒకసారి పంపితే మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటాడు. కంగారులో చాట్ డిలీట్ చేసేస్తారు చాలామంది, అలా చేయకుండా వాడి ప్రొఫైల్ లింకు, నంబరు, యూపీఐ ఐడీ, మెసేజ్‌లు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి.

సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి, పిల్లల కేసుల్లో అక్కడ పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. పాపకి ధైర్యం చెప్పేవాళ్ళు కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఫోటో నిజం కాదు కదా, ఏఐ బొమ్మే కదా అని పోలీసులు తేలిగ్గా తీసుకుంటే ఐటీ చట్టం 67బి సెక్షన్ గుర్తుచేయండి, పిల్లల్ని అశ్లీలంగా చూపించే డిజిటల్ బొమ్మ తయారుచేయడం కూడా అందులో నేరమే, మొదటిసారికే 5 ఏళ్ళ దాకా జైలు.

ఇంకోటి, టేక్ ఇట్ డౌన్ అని ఫ్రీ సర్వీస్ ఉంది, 18 ఏళ్ళలోపు వయసులో తీసిన ఫోటోలకి. ఫోటో మీ ఫోన్ దాటి వెళ్ళదు, దాని డిజిటల్ వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే వెళ్తుంది, దాంతో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటివి ఆ ఫోటోని గుర్తుపట్టి తీసేస్తాయి. వాట్సాప్‌లో ప్రైవేట్‌గా తిరిగేదాన్ని మాత్రం ఇది ఆపలేదు, అందుకే కంప్లైంట్ ఈరోజే పెట్టేయండి.