పాత కారు చప్పుడు చేస్తోంది, క్లాసుకి వెళ్లొచ్చా?

జనవరిలో ఒక రోజు పొద్దున్నే ఏడున్నరకి ఫోన్. "అంకుల్, కారు స్టార్ట్ చేస్తే టకటకమంటోంది. ఐదు నిమిషాలయ్యాక తగ్గుతోంది. ఎనిమిదిన్నరకి క్లాసుంది, వెళ్లొచ్చా?" ఆ అమ్మాయిది ఖమ్మం. అమెరికాలో మా మిషిగన్‌కి వచ్చి ఐదు నెలలైంది. ముగ్గురు రూమ్మేట్లు తలా కొంచెం వేసుకుని, నాలుగున్నర వేల డాలర్లకి పదిహేనేళ్ల కారు కొన్నారు. మీటరు లక్షా అరవై వేల మైళ్లు దాటింది. బయట చలి సున్నాకి పదిహేను డిగ్రీలు కింద.

"ఆయిల్ చూశావా అమ్మా?" అని అడిగాను.

"లైటేమీ వెలగలేదంకుల్" అంది.

కొత్తగా వచ్చిన పిల్లల్లో చాలామంది ఇదే జవాబు చెబుతారు. అందుకే ముందు ఈ సంగతి చెప్పాలి. పాత కార్లలో డాష్‌బోర్డు మీద వెలిగే ఎర్ర ఆయిల్ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పేది కాదు. లోపల ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. అది వెలిగిందంటే అప్పటికే ఇంజన్‌లో ఇనుమూ ఇనుమూ రాసుకుంటూ ఉండొచ్చు. ఆయిల్ ఎంత ఉందో తెలియాలంటే బానెట్ ఎత్తి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచే పుల్ల, తీసి చూడాల్సిందే.

ఫోన్‌లో ఉండగానే చూడమన్నాను. కారు చదునైన చోట ఉండాలి. ఇంజన్ ఆపి ఐదు నిమిషాలు ఆగాలి. పుల్లని బయటికి లాగి పేపర్ టవల్‌తో తుడిచి, మళ్లీ చివరిదాకా గుచ్చి తీయాలి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది నమ్మొద్దు. కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. చాలా కార్లలో ఆ రెంటి మధ్య తేడా సుమారు ఒక క్వార్ట్, అంటే లీటరు కంటే కాస్త తక్కువ. "కొసన ఒక్క నల్లటి చుక్క ఉందంకుల్, గీత దాకా ఏమీ లేదు" అంది. ఆ రోజు క్లాసుకి రూమ్మేట్‌తో బస్సులో వెళ్లమన్నాను.

సాయంత్రం నేనే వెళ్లాను. ఆయిల్ పోసే మూత మీదే 5డబ్ల్యూ-20 అని ఆయిల్ చిక్కదనం రాసి ఉంది. ఆ రకమే తీసుకెళ్లి ఒక క్వార్ట్ పోశాం. ఆగి చూసి ఇంకో అర పోశాం. పై గీత దాటి పోయడం కూడా మంచిది కాదు. స్టార్ట్ చేస్తే టకటక దాదాపుగా పోయింది. పాత ఇంజన్ వెయ్యి మైళ్లకి ఒక క్వార్ట్ తాగడం వింతేమీ కాదు. నాలుగైదు వేల మైళ్లకోసారి ఆయిల్ మార్పిస్తున్నాం కదా అని మధ్యలో చూడకపోతే, మార్చే రోజుకి అందులో మిగిలేదేమీ ఉండదు. రెండు వారాలకోసారి పెట్రోలు పోయించుకునేటప్పుడు పుల్ల తీసి చూడండి. డిక్కీలో ఒక క్వార్ట్ ఆయిల్ ఉంచుకోండి.

ఇక మిగతా చప్పుళ్ల సంగతి. చప్పుళ్లకి మన భాషలో ఉన్నన్ని మాటలు ఇంకెక్కడా వినలేదు. ముందు తెలుగులోనే పేరు పెట్టుకోండి. టకటకా, డబడబా, కీచుమంటోందా, గలగలమంటోందా, గుయ్యిమంటోందా? అందులోనే సగం జవాబు ఉంటుంది. అదే మాటని మెకానిక్‌కి టిక్, నాక్, స్క్వీల్, రాటిల్, వైన్ (whine) అని చెబితే అతనికి వెంటనే అర్థమవుతుంది.

కీచుమనేది ఎక్కువగా బెల్టు. తడి పొద్దుల్లో, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, ఏసీ వేసినప్పుడు అరుస్తుంది. ఇంజన్ తిరుగుతుండగా బెల్టు మీద కాస్త నీళ్లు చిలకరించి చూడండి. చప్పుడు మారితే అది బెల్టు దగ్గరిదే. ఈ పని చేసేటప్పుడు చున్నీ, స్కార్ఫ్, జుట్టు, చేతులు దూరంగా పెట్టుకోండి. గట్టిగానే చెబుతున్నాను, తిరిగే బెల్టు దగ్గర ప్రమాదానికి అరక్షణం చాలు.

గలగలమనేది చాలాసార్లు కారు అడుగున ఉండే హీట్ షీల్డ్, పొగగొట్టానికి అడ్డంగా ఉండే పల్చటి రేకు. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకి దాని బోల్టులు తుప్పు పట్టి ఊడతాయి. కారు ఆగి ఉన్నప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు వినిపిస్తుంది. విన్నవాళ్లకి ప్రాణం మీదికి వచ్చినంత టెన్షన్. రెండు మూడు డాలర్ల స్టీలు క్లాంపుతో బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. గొట్టం పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలి. ఇదే చప్పుడు కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులు తగ్గించే డబ్బా) లోపలి నుంచి వస్తే మాత్రం ఖర్చు పెద్దదే.

గుయ్యిమనేది అసలు ఇంజన్‌దేనా అని తేల్చుకోవడానికి తేలిక దారి ఉంది. కారు పార్క్‌లో ఉంచి యాక్సిలరేటర్ మెల్లగా నొక్కి రెండు వేల ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా తీసుకెళ్లండి. చప్పుడు దాంతోపాటు పెరిగితే ఇంజన్, బెల్టు లేదా పొగగొట్టం వైపు చూడాలి. నిలబడి ఉన్నప్పుడు ఏమీ లేకుండా, రోడ్డు మీద వేగంతో మాత్రమే పెరిగితే అది వీల్ బేరింగో టైరో.

డబడబ వేరు. లోతుగా, ఎవరో లోపలి నుంచి సుత్తితో కొడుతున్నట్టు ఉంటుంది. యాక్సిలరేటర్ నొక్కితే జోరందుకుంటుంది. ఇంజన్ వేడెక్కినా పోదు, ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది. ఇంజన్ లోపల పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగితే వచ్చే చప్పుడు ఇది. అది వింటే పక్కకి తీసి ఆపండి. "ఇంకో నాలుగు మైళ్లే కదా" అనుకోవద్దు.

నేను అలాగే అనుకున్నాను. ఇరవై ఏళ్ల కిందట పాస్‌పోర్టు పని మీద షికాగో కాన్సులేటుకి బయల్దేరాం. వెనక సీట్లో మా ఆవిడ, ఏడు నెలల బాబు. ఆ చప్పుడు రెండు వారాలుగా వింటూనే ఉన్నాను. జీతం వచ్చాక చూపిద్దామని రేడియో పెంచుకుని నడిపాను. ఐ-94 మీద కాలమజూ ఇంకా రాకముందే పెద్ద శబ్దంతో ఇంజన్ బిగుసుకుపోయింది. ట్రక్కులు పక్కనుంచి దూసుకుపోతున్నాయి. హీటర్ లేదు. టో ట్రక్కు వచ్చేదాకా బాబుని కోటులో చుట్టుకుని కూర్చున్నాం. ఇంజన్ బ్లాకుకి పిడికిలి పట్టేంత కంత పడింది. కారుని తుక్కు కింద అమ్మేశాను. ఆ గంటసేపు మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది నేను మర్చిపోలేదు. టో ఖర్చుకి భయపడే పిల్లలకి చెబుతున్నాను, మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో ఈరోజే చూసుకోండి. లేకపోతే నెలకి కొద్ది డాలర్లతో చేర్చుకోవచ్చు.

డబ్బు పెట్టే ముందు రీకాల్ (తయారీ లోపముంటే కంపెనీయే పిలిచి బాగుచేయడం) ఉందేమో కూడా చూడాలి. డ్రైవర్ వైపు, ముందు అద్దం కింద మూలన 17 అక్షరాల విన్ నంబరు, అంటే కారు గుర్తింపు నంబరు, ఉంటుంది. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో అది కొడితే, మీ కారుకి చేయాల్సి ఉండిపోయిన రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. 2011 నుంచి 2014 వరకు వచ్చిన హ్యుందాయ్ సొనాటాల్లో కొన్ని ఇంజన్లకి సరిగ్గా ఈ బేరింగ్ సమస్య మీదే 2015లో, 2017లో రీకాల్ చేశారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా రీకాల్ పని డీలరు ఉచితంగానే చేస్తాడు.

మెకానిక్ దగ్గరికి వెళ్లాక "టైమింగ్ చైన్ మార్చండి" అనొద్దు. ఏం మార్చాలో మీరే చెబితే అదే మారుస్తాడు, చప్పుడు మాత్రం మీతోనే ఇంటికొస్తుంది. ఎప్పుడు వస్తోందో చెప్పండి. చలిలోనా వేడెక్కాకా, మిట్ట ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఎన్నాళ్ల నుంచి. పొద్దున మొదటి స్టార్ట్‌లో మాత్రమే వచ్చే చప్పుడైతే ముందురోజు సాయంత్రమే కారు షాపులో వదిలి రండి. మీరు నడుపుకుంటూ వెళ్లేసరికి ఇంజన్ వేడెక్కి చప్పుడు మాయమవుతుంది, అతనికి వినడానికి ఏమీ ఉండదు. ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. చెక్ ఇంజన్ లైటు వెలగలేదని ధైర్యపడొద్దు, అరుగుదల చప్పుళ్లకి చాలాసార్లు కారు కంప్యూటర్‌లో ఏ లోపం కోడూ రాదు. పని మొదలుపెట్టకముందే అంచనా కాగితం మీద రాసిమ్మనండి. తీసిన పాత భాగాలు చూపించమనండి.

చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి అంబాసిడర్‌కి ఒక పెద్దాయన వైద్యం చేసేవాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, చెక్క పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఇక్కడి మా మెకానిక్ డాక్టరు స్టెతస్కోపు లాంటిది పెట్టుకుంటాడు. ఇద్దరూ చేసేది ఒకటే పని. ఖమ్మం అమ్మాయి కారుని అతనికే చూపించాం. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ (ఇంజన్ పై మూత కింద ఉండే సీలు) నుంచి ఆయిల్ కారుతోందని తేల్చాడు. గ్యాస్కెట్ మార్పించుకుంది. ఇప్పుడు ప్రతి రెండో ఆదివారం పుల్ల తీసి నాకు ఫొటో పెడుతుంది. నిన్నటి ఫొటోలో ఆయిల్ పై గీతకి కాస్త కిందగా ఉంది.