టైమింగ్ బెల్టు పన్ను తప్పిందా? మా చిన్నాకి ఓ ఉత్తరం

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. మారుతి 800కి టైమింగ్ బెల్టు మార్పించాక బండి స్టార్టవుతోంది గానీ ముందున్న పికప్ లేదని, ఐడ్లింగ్‌లో వణుకుతోందని రాశావు. మెకానిక్‌ని అడిగితే "నాలుగు రోజులు నడిస్తే సెట్టయిపోద్ది సార్" అన్నాడట. ఆ మాట నమ్మకు. టైమింగ్ బెల్టంటే కింద పిస్టన్లకి కలిసిన క్రాంక్ ఇరుసునీ, పైన వాల్వులు (సిలిండర్లోకి గాలి వచ్చిపోయే మూతలు) తెరిచే కామ్ ఇరుసునీ జతగా తిప్పే పళ్ల బెల్టు. అది పుల్లీ (పళ్ల చక్రం) మీద ఒక పన్ను అటూఇటూగా కూర్చుంటే నడిచేకొద్దీ సర్దుకోదు. బెల్టు బిగువు కూడా సరిగా లేకపోతే ఇంకో పన్ను దాటుతుంది.

అలాగని ఇప్పటికిప్పుడు బెల్టు మీది కవరు విప్పించకు. బెల్టు మార్చేటప్పుడు చేతికి అడ్డమొచ్చినవన్నీ ఊడదీస్తారు. సన్న వాక్యూమ్ గొట్టం ఒకటి తిరిగి తగిలించడం మర్చిపోయినా, ప్లగ్గు వైరు వదులుగా కూర్చున్నా బండి ఇలాగే వణుకుతుంది. ముందు అవి చూడు, పైసా ఖర్చు లేదు. అవి బాగుంటే కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో) చూపించు. మూడు సిలిండర్లలో ఒక్కదాంట్లోనే తక్కువుంటే గొడవ ఆ సిలిండర్ వాల్వుల్లోనో పిస్టన్ రింగుల్లోనో ఉన్నట్టు. మూడింట్లోనూ ఒకేలా తగ్గితే అనుమానం బెల్టు మీదికి మళ్లుతుంది. పాత బండి కాబట్టి రింగులన్నీ అరిగినా అలాగే చూపిస్తుందనుకో. తేల్చాల్సింది పుల్లీల మీద ఉండే మార్కులే.

ఒక్క పన్నుకే ఇంత రాద్ధాంతమా అంటావేమో. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. కామ్ పుల్లీకి 40 పళ్లున్నాయనుకుంటే, ఒక పన్ను తేడా కామ్ దగ్గర 9 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 18 డిగ్రీలు. వాల్వులు అంత ముందో వెనకో తెరుచుకుంటే పికప్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక కవరు విప్పించే రోజు నువ్వు పక్కనే ఉండు. బ్యాటరీ వైరు తీయించు, గేరు న్యూట్రల్లో పెట్టు, మూడు ప్లగ్గులూ ఊడదీయమను. ప్లగ్గులు లేకపోతే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది, పైగా ఎక్కడైనా అడ్డం తగిలితే చేతికి తెలుస్తుంది. తిప్పే సాకెట్ పానా కింద క్రాంక్ బోల్టుకే వేయాలి. కొందరు కామ్ బోల్టు పట్టుకుని తిప్పుతారు, ఒప్పుకోకు. బెల్టు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాలి. (పాత హోండా సిటీ లాంటివాటికి ఇది ఉల్టా. నీ బండికి కాదులే.) మార్కు దాటిపోతే వెనక్కి లాగొద్దు. వెనక్కి తిప్పితే బెల్టు వదులు రావాల్సిన వైపు కాకుండా రెండో వైపుకి వస్తుంది, బాగున్న బెల్టు కూడా తప్పినట్టు కనపడుతుంది. దాటితే మళ్లీ రెండు చుట్లు ముందుకే తిప్పుకుని రావాలి.

పైన కామ్ పుల్లీ మీది మార్కు, దాని వెనకున్న కవరు మీది వి ఆకారపు గుర్తుకి ఎదురుగా నిలబడాలి. అదే సమయంలో కింద క్రాంక్ మీది పళ్ల పుల్లీకి ఉన్న చుక్కగాటు, ఆయిల్ పంపు బాడీ మీది బాణానికి ఎదురు రావాలి. కొన్ని బండ్లలో బయటి పుల్లీకి కూడా ఒక గాటు ఉంటుంది, అది ఇగ్నిషన్ టైమింగ్ చూసుకోవడానికి. దాన్ని పట్టుకుని బెల్టు వేసేసేవాళ్లున్నారు, అది తప్పు. కింద మార్కు కలిసి పైన పూర్తిగా అవతలి వైపు ఉంటే కంగారుపడకు, క్రాంక్‌ని ఇంకో చుట్టు తిప్పు. ఒకసారి కలిస్తే సరిపోదు. రెండు చుట్లు తిప్పి మళ్లీ చూడు, ఇంకో రెండు తిప్పి మళ్లీ చూడు.

ఇక్కడే అందరికీ ఒక కంగారు పట్టుకుంటుంది. కొన్ని కొత్త బెల్టుల మీద తెల్ల గీతలుంటాయి. రెండు చుట్లు తిప్పేసరికి ఆ గీతలు మార్కుల దగ్గర ఉండవు. ఉండక్కర్లేదు. బెల్టు పళ్ల లెక్క వేరు, పుల్లీ పళ్ల లెక్క వేరు కాబట్టి గీతలు మళ్లీ అదే చోటికి రావాలంటే చాలా చుట్లు పడుతుంది. అవి బెల్టు ఎక్కించేటప్పటికే పనికొస్తాయి. తర్వాత నమ్మాల్సింది పుల్లీల మీది లోహపు గుర్తులనే.

మార్కులు కలిస్తే బిగువు చూడు. నీ బండిలో బెల్టుని బిగువుగా పట్టే టెన్షనర్ చక్రానికి స్ప్రింగు ఉంటుంది. బోల్టు వదులు చేసి, క్రాంక్ రెండు చుట్లు తిప్పి, స్ప్రింగు తనంతట తాను ఎంత లాగితే అంత దగ్గర బిగించాలి. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్ని బిగిస్తే ఇంజిన్ నడుస్తుంటే సన్నగా కూత వినిపిస్తుంది, టెన్షనర్ బేరింగు తొందరగా పోతుంది. ఆ బేరింగు పాతదే వేశాడేమో కూడా అడుగు. కామ్, క్రాంక్ ఇరుసుల్లోంచి ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల దగ్గర చెమ్మ కనపడితే సీళ్లు మార్పించు, ఆయిల్ తాగిన బెల్టు ఎక్కువ కాలం నిలవదు.

ఇవన్నీ చూసేదాకా సెల్ఫ్ కొట్టనివ్వకు. కొన్ని ఇంజిన్లలో బెల్టు బాగా తప్పితే పిస్టన్ వెళ్లి వాల్వుకి తగులుతుంది, వంగిన వాల్వు కోసం ఇంజిన్ పైభాగం (హెడ్డు) దింపాలి. నీ ఇంజిన్ అలాంటిదా కాదా అని ప్రయోగం చేయక్కర్లేదు.

మార్కులు కలిశాక ఫొటోలు తీసి నాకు పంపు. ఫోను పుల్లీకి ఎదురుగా, సమానమైన ఎత్తులో పెట్టి తియ్యి. పైనుంచి ఏటవాలుగా తీస్తే సరిగ్గా ఉన్నది కూడా పన్ను తప్పినట్టే కనపడుతుంది, మళ్లీ ఇద్దరం ఫోన్లో వాదించుకోవాలి.

ఇట్లు,
మీ పెదనాన్న