రొయ్యతో మొదలుపెట్టు

చి. శిరీషకు మావయ్య ఆశీస్సులు.

జువాలజీలో చేరావనీ, అకశేరుకాల (వెన్నెముక లేని జంతువుల) పట్టిక చూసి బెంగపెట్టుకున్నావనీ అక్క చెప్పింది. పొరిఫెరా (స్పంజికలు) నుంచి ఎకైనోడర్మేటా (నక్షత్ర చేపలు) దాకా వరసపెట్టి బట్టీ కొడితే పరీక్ష నాటికి ఒకదాని లక్షణాలు ఇంకోదానికి అంటుకుంటాయి. ఆ పట్టికను ఓ వారం పక్కన పెట్టి, జంతువును చేతిలోకి తీసుకో. విశాఖలో ఉన్నదానివి, నీకు జంతువులకు కరువేముంది?

మొదట రొయ్య. ఫిషింగ్ హార్బర్ దగ్గరో, పూర్ణా మార్కెట్లోనో తల ఊడనివి, నల్లబడనివి, కాస్త పెద్దవి నాలుగు ఏరి తెచ్చుకో. ఐసులో రోజుల తరబడి ఉన్నదైతే తల మెత్తబడి, నోటి దగ్గరి భాగాలు పట్టుకోగానే తెగిపోతాయి. పళ్లెంలో నీళ్లు పోసి, రొయ్యను నీళ్లలో ఉంచే పని చెయ్యి. బయట పెడితే రేకుల్లాంటి ఉపాంగాలు (కాళ్లు, మీసాలు, నోటి భాగాలు) ఒకదానికొకటి అతుక్కుని లెక్క తప్పుతుంది.

ఎడమవైపువి మాత్రమే తియ్యి, కుడివైపువి పోల్చుకోవడానికి ఉండనీ. తోక నుంచి తలవైపు రా. ఫోర్సెప్స్‌తో మొదలంటా పట్టుకుని లాగాలి. మధ్యలో పట్టుకుంటే సగమే వస్తుంది. తోక పక్కన ఒకటి, పొట్ట కింద ఈదే కాళ్లు 5, నడిచే కాళ్లు 5, వాటి ముందు నోటికి సాయపడే చిన్న కాళ్లు, అంటే జంభికాపాదాలు 3, నోటి పక్క రేకులు, అంటే జంభికలు 2, నమిలే దవడ, అంటే హనువు ఒకటి, చివరికి పొడుగు మీసం ఒకటి, పొట్టి మీసం ఒకటి. నల్ల కాగితం మీద వరసగా పేర్చితే 19 రావాలి. 17, 18 దగ్గర ఆగిపోయావంటే తప్పు దాదాపుగా నోటి దగ్గరే ఉంటుంది. జంభికలు ఉల్లిపొర అంత పల్చన, చినిగిపోయి ఉంటాయి. హనువు చిన్న గట్టి పన్నులా ఉంటుంది, నోటికి అంటుకుని తేలిగ్గా రాదు. రెండో జంభికను మాత్రం జాగ్రత్తగా చూడు. దాని పక్కనున్న వెడల్పాటి రేకు కదులుతూ మొప్పల మీదుగా నీటిని తోడుతుంది.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. పాఠ్యపుస్తకాల్లో తరచు కనిపించే రొయ్య మంచినీటిది, మన నీలకంఠ రొయ్య జాతిది. దానికి మొదటి రెండు జతల నడిచే కాళ్లకే చివర పట్టుకారు ఉంటుంది. నువ్వు తెచ్చేది చెరువుల్లో పెంచే వనామి అయి ఉంటుంది. దానికి మూడు జతలకు ఉంటుంది. పుస్తకంలో రెండని ఉంది కదా అని చూసినదాన్ని మార్చి రాయకు. ఇంకో గుర్తు పొట్ట పక్కల పెంకులు: నీలకంఠలో రెండో ఖండం పెంకు ముందూ వెనకా ఉన్న రెండింటి మీదా కప్పుకుంటుంది, వనామిలో మొదటిది రెండోదాని మీద ఉంటుంది.

ఇప్పుడు వీపు మీద చీల్చు. వంటింట్లో నరమని తీసిపారేసే నల్లదారం పేగు. అసలు నాడీదండం తెల్లగా, సన్నగా పొట్టవైపు, కండ కింద ఉంటుంది. కండను కొద్దికొద్దిగా తొలగిస్తేనే దొరుకుతుంది. మన వెన్నుపాము వీపున ఉంటే దాని నాడీదండం కడుపున ఉందన్నమాట. పైన పెంకు, కీళ్ల కాళ్లు, పొట్టవైపు నాడి: ఈ మూడూ కళ్లతో చూస్తే ఆర్థ్రోపొడా, అంటే కీళ్ల కాళ్ల జంతువుల వర్గం, నీకు వచ్చేసినట్టే.

తర్వాత తెన్నేటి పార్కు కింది రాళ్లకో, భీమిలికో వెళ్లు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఆటు బాగా వెనక్కి పోతుంది. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆటు పూర్తయ్యే గంట ముందు దిగి, నీరు తిరగ్గానే పైకి వచ్చెయ్యి. కాన్వాసు బూట్లు వేసుకో, అలకు వీపు చూపించకు, ఒంటరిగా అసలు వెళ్లకు. ఒడ్డున తోకలాంటి దారాలతో నీలిబుడగ కనబడితే, చచ్చిపోయి ఉన్నా ముట్టుకోకు; దాని దంశ కణాలు (కుట్టే కణాలు) అప్పుడూ కుడతాయి. కోన్ ఆకారపు నత్తల్ని చేత్తో ఎత్తకు.

రాళ్లకు అంటుకున్న తెల్లటి గుబ్బల్ని చూడు. ఒకటే గొడుగు పెంకు, పైన రంధ్రం లేనిది లింపెట్, నత్త జాతిది. చుట్టూ పలకలు, నెత్తిన మూత ఉన్నది బార్నకిల్. నీటి గుంటలో ఉన్న బార్నకిల్ ముందు కదలకుండా కూర్చుంటే మూత తెరిచి ఈకల్లాంటి కాళ్లతో నీటిని దువ్వడం కనబడుతుంది. అవి కీళ్ల కాళ్లు, రొయ్యకు చుట్టం. పెంకు చూసి దాన్ని మొలస్కాలో (నత్తలు, స్క్విడ్‌ల వర్గంలో) పెట్టిన రోజులున్నాయి. 1830లో జాన్ వాన్ థాంప్సన్ దాని డింభకం (గుడ్డు నుంచి వచ్చిన పిల్లదశ) క్రస్టేషియన్‌దని, అంటే రొయ్య, పీతల గుంపుదని చూపించాడు. పైరూపం చూసి వర్గం తేల్చకూడదని ఎంత చెప్పినా ఈ గుబ్బ చెప్పినంతగా ఎవరూ చెప్పలేరు.

మొలస్కాకు స్క్విడ్ కొనుక్కో. గొట్టం లాంటి సైఫన్ ఉన్న వైపు, నడిమధ్యన, పైపైన కొయ్యి. లోతుగా కోస్తే సిరా సంచి పగిలి అంతా నల్లగా అయిపోతుంది. లోపల గాజుముక్కలాంటి కలం ఒకప్పటి పెంకు మిగులే. గుండెలు మూడు లెక్కపెట్టు: మొప్పల దగ్గర రెండు, శరీరానికి ఒకటి.

నక్షత్ర చేపను బతికుండగానే గుంటలో చూసి వదిలెయ్యి. పెద్దదానికి అయిదు చేతులు, దాని డింభకం మాత్రం ద్విపార్శ్వం, అంటే కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి. పిండంలో మొదట తెరుచుకున్న రంధ్రం మనలో లాగే పాయువు వైపు పోతుంది కాబట్టి నక్షత్ర చేప రొయ్యకంటే మనకే దగ్గర చుట్టం. స్పంజికలు, పురుగులు ప్రస్తుతానికి స్లైడుల మీద చాలు. సముద్ర దోసకాయలు, పగడాలు ఏరకు. వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఏదైనా దాచాలంటే 70 శాతం ఆల్కహాలు. జెల్లీ చేప మాత్రం అందులో ముడుచుకుపోతుంది. ఒక పాలు ఫార్మలిన్‌కు తొమ్మిది పాళ్లు సముద్రపు నీరు కలిపి వెయ్యి, కిటికీ తీసి, గ్లవ్స్ వేసుకుని. పెంకులున్నవి ఫార్మలిన్‌లో ఉంచకు, అందులోని ఆమ్లానికి పెంకులోని సున్నం కరుగుతుంది. చీటీ మీద చోటు, తేదీ, ఆటు సమయం పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి. బాల్‌పెన్ సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.

పేర్చిన రొయ్య ఉపాంగాల ఫొటో పంపు, నేను లెక్కపెట్టి చూస్తాను.

మీ మావయ్య